దాచిన నివేదిక పొరుగువాడి చేతి ఆయుధం

1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా ముగ్గురు మనుషులు హైదరాబాద్ సంస్థానంలో ఊరూరా తిరిగారు. పండిత్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. వాళ్లను పంపింది ఢిల్లీ ప్రభుత్వమే. భారత సైన్యం సంస్థానంలో అడుగుపెట్టి అప్పటికి రెండు నెలలు దాటింది. 16 జిల్లాల్లో 9 జిల్లాలు చూశారు. 21 పట్టణాలకు, 23 పెద్ద గ్రామాలకు వెళ్లారు. వెళ్లలేకపోయిన మరో 109 ఊళ్లవాళ్లను 500 మందికి పైగా పిలిచి మాట్లాడారు. వాళ్లు రాసిన నివేదికలో ఒక లెక్క ఉంది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో సైనిక చర్య జరిగినప్పుడు, ఆ తర్వాత చనిపోయినవాళ్లు 18 వేలకు తక్కువ ఉండరు. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ జిల్లాల్లో కనీసం 5 వేల మంది. సంస్థానం మొత్తం మీద ఎంత తగ్గించి చూసినా 27 వేల నుంచి 40 వేల మంది. వాళ్లలో అత్యధికులు ముస్లింలు.

నేనుండే ములుగు ఇవాళ సిద్దిపేట జిల్లాలో ఉన్నా, 2016 అక్టోబరు దాకా మెదక్ జిల్లాలోనే ఉండేది. అందుకే ఆ నివేదికలో ‘మెదక్’ అన్న పేరు దగ్గర నా చూపు ఆగిపోతుంది. నాలుగు జిల్లాలను కలిపి ఒక్క అంకెలో కట్టేశారు. ఆ అంకెలో ఊళ్లు లేవు, ఇళ్లు లేవు, మనుషుల పేర్లు లేవు.

ఇదే సిద్దిపేట జిల్లాలో ఇంకో లెక్కా ఉంది. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు కలిసి బైరాన్‌పల్లి మీద పడ్డాయి. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉన్న ఊరది. ఊరి నడుమ బురుజు మీద గ్రామరక్షక దళం కాపలా ఉండేది. అంతకుముందు జరిగిన దాడులను ఊరివాళ్లు తిప్పికొట్టారు. ఆ రోజు మాత్రం వాళ్ల వల్ల కాలేదు. బురుజు మీదున్నవాళ్లను చంపారు, చేతికి చిక్కిన మగవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. 96 మంది అని కొందరు, 118 మంది అని కొందరు రాశారు. దెబ్బతిన్న ఆ బురుజు ఇప్పటికీ ఊళ్లో నిలబడే ఉంది, అమరుల స్తూపం కూడా ఉంది. ఈ దాడి జరిగిన పదిహేడో రోజునే భారత సైన్యం సంస్థానంలోకి వచ్చింది.

ఈ రెండు లెక్కలూ నిజం. ఒకటి నిజమైనంత మాత్రాన రెండోది అబద్ధమైపోదు. కానీ మొదటి లెక్క చెప్పేవాడు రెండోది ఎత్తడు, రెండోది చెప్పేవాడు మొదటిదాని ఊసే తేడు. ప్రభుత్వాలు యుద్ధకాలపు చరిత్రను రాజకీయానికి వాడుకునే తీరంతా ఇక్కడే ఉంది. జరగనిది జరిగిందని కట్టుకథ అల్లడం కంటే, జరిగినదానిలో సగం మూసిపెట్టి మిగతా సగాన్ని ఎత్తిచూపడమే వాళ్లకు బాగా అలవాటైన పని. పాత రికార్డులు చదవడమే వృత్తిగా బతికినవాడిగా నేను చెప్పదలచింది ఒక్కటే. ఒక ప్రభుత్వం తన యుద్ధం గురించి తాను రాసుకున్న కాగితాన్ని దాచిపెడితే, ఆ చరిత్ర అక్కడితో ఆగిపోదు. దాన్ని పొరుగువాడు తనకు తోచినట్టు రాసుకుంటాడు. ఆ రాత మళ్లీ మన మీదికే వస్తుంది. దీనికి రుజువులు మన ఉపఖండంలోనే కావలసినన్ని ఉన్నాయి.

హైదరాబాద్‌నే చూద్దాం. 1947 ఆగస్టు 15 తర్వాత ఏడాది పైచిలుకు కాలం ఢిల్లీ, హైదరాబాద్ ఇరుగుపొరుగు ప్రభుత్వాల్లాగే వ్యవహరించాయి. 1947 నవంబరు 29న యథాతథ ఒప్పందం కుదిరింది. ఢిల్లీ తరఫున కె.ఎం. మున్షీ ఏజెంట్ జనరల్‌గా హైదరాబాద్ వచ్చి కూర్చున్నారు. రెండు పక్షాలూ యుద్ధానికి ముందే చరిత్ర రాయడం మొదలుపెట్టాయి. సంస్థానంలో రజాకార్ల దౌర్జన్యాలను జాబితా కట్టి ఢిల్లీ 1948లో శ్వేతపత్రం అచ్చువేసింది. ఆ దౌర్జన్యాలు నిజమే. సుందర్‌లాల్ బృందం కూడా తన నివేదికలో వాటిని దాచలేదు. పట్టణాల మీద, పల్లెల మీద రజాకార్లు నెలనెలా పన్ను వేసేవాళ్లనీ, కట్టిన ఊరు ఊపిరి పీల్చుకునేదనీ, కట్టని ఊళ్లో దోపిడీ, దహనం, హత్యలు జరిగేవనీ రాసింది. అటు నిజాం ప్రభుత్వం దక్కన్ రేడియోలో తన గోడు తాను చెప్పుకుంటూనే, సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడి చేత కరాచీ నుంచి రాత్రిళ్లు ఆయుధాలు తెప్పించుకుంది. 1948 ఆగస్టు 21న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది.

సెప్టెంబరు 13న సైన్యం కదిలింది. 16న పారిస్‌లో భద్రతా మండలి ఫిర్యాదును చర్చకు తీసుకుంది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నానని నిజాం మండలికి కబురు పంపాడు. మామూలుగా అయితే కథ అక్కడ ముగియాలి. ముగియలేదు. 1949 మేలో పాకిస్తాన్ విదేశాంగ మంత్రి జఫరుల్లా ఖాన్ అదే మండలిలో హైదరాబాద్ విషయాన్ని మళ్లీ ఎత్తారు. మండలి పరిశీలనలో ఉన్న అంశాల జాబితాలో ‘హైదరాబాద్ ప్రశ్న’ ఆ తర్వాత దశాబ్దాల పాటు ఉండిపోయింది. సంస్థానం లేదు, రాజు లేడు, ఫిర్యాదు చేసినవాడే వద్దన్నాడు. జాబితాలో పేరు మాత్రం చెరగలేదు. పొరుగు దేశానికి అది అవసరమైనప్పుడల్లా చెయ్యి వేయడానికి వీలున్న పిడి.

డబ్బు సంగతీ అంతే. సంస్థానం కూలుతున్న ఆ రోజుల్లో నిజాం ఆర్థిక మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ సుమారు 10 లక్షల పౌండ్లను లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతులా ఖాతాకు మళ్లించాడు. ఆ సొమ్ము బ్యాంకులోనే ఇరుక్కుపోయి 3 కోట్ల 50 లక్షల పౌండ్లయింది. అది ఆయుధాలకు చెల్లించిన ధర అని పాకిస్తాన్ వాదించింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు న్యాయమూర్తి మార్కస్ స్మిత్ ఆ వాదనను తోసిపుచ్చి, సొమ్ము నిజాం వారసులకు, భారతదేశానికి చెందుతుందని తీర్పు చెప్పారు. ఆ కేసులో గెలిపించింది ఉపన్యాసాలు కావు. 1948 నాటి ఉత్తరాలు, బ్యాంకు కాగితాలు. కాగితం బయట ఉన్నచోట 71 ఏళ్ల తగవు కూడా తెగింది.

కాగితం లోపల ఉన్నచోట ఏమైందో చూడండి. సుందర్‌లాల్ నివేదికను ప్రభుత్వం అచ్చువేయలేదు. హోం శాఖ, సంస్థానాల శాఖ చూస్తున్న సర్దార్ పటేల్ దాన్ని ఒప్పుకోలేదు. అప్పట్లో కారణాలు లేకపోలేదు. దేశవిభజన నెత్తురు ఇంకా ఆరలేదు, కశ్మీర్ తగవు తెగలేదు, నివేదిక బయటపడితే ప్రతీకారాలు మొదలవుతాయన్న భయం ఉంది. ఒక ఏడాదికో, పదేళ్లకో అది న్యాయమైన కారణమే. కానీ ఆ నివేదిక ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అందరూ చూసే వీలుందని దేశానికి తెలిసేసరికి 2013 వచ్చింది. మధ్యలో న్యాయవాది, రచయిత ఎ.జి. నూరానీ లాంటివాళ్లు ప్రతి సంపాదించి అచ్చువేస్తేనే చదువరులకు అందింది.

ఈ అరవై ఏళ్లలో ఖాళీ ఖాళీగా ఉండలేదు. 2 లక్షల మంది చనిపోయారన్న అంకె సరిహద్దు అవతలా, విదేశీ పుస్తకాల్లోనూ తిరిగింది. ఇటు అసలేమీ జరగలేదన్న మాట తిరిగింది. నివేదిక చెప్పిన 27 వేలు, 40 వేలు ఈ రెండింటికీ మధ్యలో ఎవరికీ అక్కరలేకుండా పడి ఉన్నాయి. 1950లో గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరిన మాజీ ప్రధాని లాయక్ అలీ 1962లో తన పుస్తకం రాసుకున్నాడు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. వాళ్లు చెప్పుకున్న కథకు మన దగ్గర జవాబు లేక కాదు. ఉన్న జవాబు బీరువాలో ఉండిపోయింది. రజాకార్లు ఏం చేశారో కూడా ఆ నివేదికలోనే రాసి ఉందన్నది గుర్తుంచుకోవాలి. దాన్ని మూసిపెట్టినప్పుడు ముస్లింల చావులతో పాటు, ముస్లిం సభ్యులే సంతకం చేసిన రజాకార్ల నేరపత్రం కూడా మూతపడింది.

అందులో ఇంకొకటి కూడా ఉంది. ఒకే వృత్తి చేసుకునేవాళ్ల మధ్య ఆత్మీయత ఎక్కువగా కనిపించిందనీ, కొన్నిచోట్ల హిందూ నేతగాళ్లు ప్రాణాలొడ్డి ముస్లిం నేతగాళ్లను కాపాడారనీ, ఎత్తుకుపోయిన ముస్లిం ఆడవాళ్లను తిరిగి ఇంటికి చేర్చడంలో హిందువులెందరో సాయపడ్డారనీ ఆ ముగ్గురూ రాశారు. మగ్గం చప్పుడు తెలిసిన సిద్దిపేట ప్రాంతంలో పిల్లలకు ఇంతకంటే చెప్పవలసిన చరిత్ర ఏముంటుంది? సెప్టెంబరు 17న ఏ వేదిక మీదా ఈ మాట వినబడదు. అది ఏ పక్షానికీ ఓటు తెచ్చే మాట కాదు.

ఇదంతా మన ఒక్కరి జబ్బు అనుకుంటే పొరపాటు. 1971 యుద్ధంలో ఓడిన తర్వాత పాకిస్తాన్ తన ప్రధాన న్యాయమూర్తి హమూదుర్ రెహ్మాన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. తూర్పు బెంగాల్‌లో సైన్యం చేసినవాటిని ఆ కమిషన్ నమోదు చేసింది, బాధ్యులపై విచారణ జరపాలంది. మృతుల సంఖ్య మాత్రం సైనిక ప్రధాన కార్యాలయం ఇచ్చిన 26 వేలనే సరైనదిగా తీసుకుంది. ప్రభుత్వం నివేదికను తొక్కిపెట్టింది. చివరికి 2000 ఆగస్టులో దాన్ని అచ్చువేసింది ఒక భారతీయ పత్రిక. ఆ తర్వాతే పాకిస్తాన్ తాళం తీసింది. బంగ్లాదేశ్ అధికారికంగా చెప్పే సంఖ్య 30 లక్షలు. 26 వేలకూ 30 లక్షలకూ మధ్య ఉన్న అగాధంలో రెండు దేశాల రాజకీయం యాభై ఏళ్లుగా నడుస్తోంది. 2018లో బంగ్లాదేశ్ తెచ్చిన డిజిటల్ భద్రతా చట్టం విముక్తి యుద్ధానికి వ్యతిరేకంగా ప్రచారం చేస్తే జైలు అంది. అంత గట్టి చట్టం కాపాడిన చరిత్ర ఏమైంది? 2024 ఆగస్టులో ప్రభుత్వం కూలగానే బంగ్లాదేశ్ స్థాపకుడు షేక్ ముజీబ్ విగ్రహాలు కూలాయి. 2025 ఫిబ్రవరిలో ధాన్‌మండిలోని ఆయన ఇల్లు నేలమట్టమైంది. అదే మధ్యకాలంలో, 2024 డిసెంబరు 16న, 1971 విజయాన్ని భారత విజయంగా స్మరిస్తూ మన ప్రధాని పెట్టిన సందేశానికి ఢాకా ప్రభుత్వ సలహాదారు ఒకరు అభ్యంతరం చెప్పారు. ఒకే గెలుపును కలిసి గెలిచిన రెండు దేశాలు ఇవాళ అది ఎవరిదని వాదులాడుకుంటున్నాయి.

1962 చైనా యుద్ధం మీద లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ పి.ఎస్. భగత్ 1963లో ఇచ్చిన నివేదికను మన ప్రభుత్వం నేటికీ విడుదల చేయలేదు. అందులోని విషయాలకు ఇప్పటికీ సైనిక ప్రాముఖ్యం ఉందని 2010లో రక్షణ మంత్రి ఎ.కె. ఆంటోనీ పార్లమెంటుకు చెప్పారు. 2014లో అందులో కొంత భాగాన్ని ఇంటర్నెట్‌లో పెట్టినవాడు నెవిల్ మాక్స్‌వెల్, యుద్ధానికి కారణం భారతదేశమేనని ఏళ్లుగా రాస్తూ వచ్చిన పాత్రికేయుడు. అంటే మన సైనికుల త్యాగాన్నీ, మన నాయకత్వ లోపాన్నీ మన అధికారులే నిజాయితీగా రాసిన పత్రం, మన తప్పే ఎక్కువని వాదించే మనిషి చేతి మీదుగా లోకానికి అందింది. హైదరాబాద్, ఢాకా, 1962. మూడు యుద్ధాలు, మూడు నివేదికలు. మూడుచోట్లా దాచినవాడు ఒకడు, లాభపడినవాడు ఇంకొకడు.

దాచడం మొదటి మెట్టు మాత్రమే. దాని తర్వాత వచ్చే మెట్లు ఏమిటో రష్యా చూపించింది. 2014లో నాజీయిజాన్ని వెనకేసుకురావడాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చి, రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ పాత్ర గురించి తప్పుడు సమాచారం చెప్పినా శిక్షే అన్నారు. ఏది తప్పుడు సమాచారమో తేల్చేది ప్రభుత్వమే. 2020లో ‘చారిత్రక సత్యాన్ని’ కాపాడే బాధ్యతను రాజ్యాంగంలోనే చేర్చారు. 2021 జులైలో పుతిన్ రష్యన్లు, ఉక్రెయినియన్లు ఒకే జాతి అంటూ సుదీర్ఘ వ్యాసం రాశారు. అదే ఏడాది డిసెంబరులో, స్టాలిన్ కాలపు బాధితుల పేర్లు ఒక్కొక్కటే సేకరించిన మెమోరియల్ సంస్థను సుప్రీంకోర్టు రద్దు చేసింది. 2022 ఫిబ్రవరి 24న సైన్యం సరిహద్దు దాటింది. నాజీలను తుడిచిపెట్టడానికే అని చెప్పారు. చట్టం, రాజ్యాంగం, వ్యాసం, పేర్ల జాబితాకు తాళం, తర్వాత ట్యాంకులు. ప్రతి దేశంలోనూ ఈ దారి యుద్ధానికే పోతుందని నేననను. కానీ ఈ క్రమాన్ని చూసి కూడా నిశ్చింతగా ఉండటం నా వృత్తిలో ఉన్నవాడికి సాధ్యం కాదు.

యుద్ధం దాకా పోకపోయినా నష్టం తప్పదు. యుద్ధకాలంలో కొరియన్ల చేత వెట్టిచాకిరీ చేయించుకున్నందుకు జపాన్ కంపెనీ పరిహారం కట్టాలని 2018 అక్టోబరులో దక్షిణ కొరియా సుప్రీంకోర్టు చెప్పింది. 2019 జులైలో జపాన్, చిప్‌ల తయారీకి అవసరమైన మూడు రసాయన పదార్థాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. భద్రతా కారణాలే అంది. కొరియా దాన్ని తీర్పుకు ప్రతీకారంగానే చూసింది, జనం జపాన్ సరుకులు మానేశారు. ఆ ఆంక్షలు తొలగడానికి 2023 దాకా పట్టింది. ఎనభై ఏళ్ల కిందటి గనుల్లో, కార్ఖానాల్లో పనిచేసిన ముసలివాళ్ల గోడు ఫోన్ల తయారీ దాకా పాకింది. ఈలోగా ఆ ముసలివాళ్లలో చాలామంది కన్నుమూశారు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. సెప్టెంబరు 17 ఒక్క రోజే. మహారాష్ట్ర దాన్ని మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినంగా జరుపుతుంది. కర్ణాటక విమోచన దినంగా జరిపి, 2019 నుంచి కల్యాణ కర్ణాటక ఉత్సవమని పేరు మార్చింది. తెలంగాణలో 2022లో కేంద్ర హోం మంత్రి అమిత్ షా సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం జరిపారు. అదే రోజు ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు పబ్లిక్ గార్డెన్స్‌లో జాతీయ సమైక్యతా దినం జరిపారు. రెండు వేదికలూ ఒకే నగరంలో ఉన్నాయి. 2024 మార్చిలో కేంద్రం ఏటా హైదరాబాద్ విమోచన దినం జరపాలని గెజిట్ ఇచ్చింది. లోక్‌సభ ఎన్నికలు గుమ్మంలో ఉన్న నెల అది. రజాకార్ల మీద తీసిన సినిమా విడుదలైందీ ఆ నెలలోనే. ఆ సెప్టెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రభుత్వం అదే తేదీని ప్రజాపాలన దినోత్సవం చేసింది. పార్టీలు మారినప్పుడల్లా జెండా కింద రాసే మాట మారింది. మారనిది ఒకటే. ఈ ప్రభుత్వాల్లో ఏ ఒక్కటీ ఆ వేదిక మీద నుంచి ఊరివారీగా మృతుల జాబితా చదవలేదు.

సాక్ష్యాల దగ్గరికి వస్తే ఏ ఒక్క పేరూ ఆ కాలాన్ని మొత్తంగా పట్టలేదు. లొంగుబాటు జరిగింది 18న. నిజాం భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఫర్మానా ఇచ్చింది 1949 నవంబరులో. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 1950 జనవరి 26 నుంచి ఆయనే రాజప్రముఖ్. ఆరేళ్లకు పైగా ఆ పదవిలో ఉన్నాడు. దొరల గడీల మీద తిరగబడి భూములు పంచుకున్న రైతుల పోరాటం 17తో ఆగలేదు. యూనియన్ సైన్యం మీద 1951 అక్టోబరు దాకా సాగింది. ఆ పోరాటం మొత్తంలో 4 వేల మంది దాకా చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. రజాకార్ల చేతిలో పోయినవాళ్లు, సైనిక చర్య తర్వాత పోయినవాళ్లు, యూనియన్ సైన్యం తూటాలకు పోయిన రైతులు. ఈ మూడు రకాల మృతులూ ఒకే నేల మీదివాళ్లు, కొన్నిసార్లు ఒకే తాలూకావాళ్లు. ఒక్కో పార్టీ ఒక్కో గుంపును ఎంచుకుని తన వేదిక మీదికి తెచ్చుకుంది.

మా ములుగులో ఉన్న ఉద్యాన విశ్వవిద్యాలయానికి కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు పెట్టారు. నిజాంకు వ్యతిరేకంగా పోరాడిన మనిషి, నేతగాళ్ల సహకార సంఘాల కోసం పనిచేసిన మనిషి, 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవి వదిలేసిన మనిషి. ఆయన జీవితంలో 1948 ఒక గెలుపు, 1956లో ఆంధ్రతో విలీనం తర్వాత జరిగినదాంట్లో ఒక అన్యాయం, రెండూ ఉన్నాయి. ఒక మనిషి జీవితమే ఇన్ని మలుపులను మోసినప్పుడు, కోటిన్నర పైచిలుకు జనాభా ఉన్న సంస్థానం చరిత్రను ఒక్క బ్యానర్ మీద రాసేయడం ఎలా కుదురుతుంది?

ఇందులో అంత కంగారు పడవలసింది ఏముంది, ఏటా ఒకరోజు జెండా ఎగరేస్తే ఎవరికి నష్టం అని నన్ను అడిగేవాళ్లున్నారు. నష్టం ఎక్కడుందో చెబుతాను. 1948లో పదిహేనేళ్లున్నవాళ్లు ఇవాళ తొంభై దాటారు. కళ్లతో చూసినవాళ్లు ఇంకొన్నేళ్లలో ఒక్కరూ మిగలరు. నిజాం ప్రభుత్వ కాగితాల భాష ఉర్దూ, అంతకు ముందువి పారశీకం. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో ఉన్న ఆ దస్తావేజులను, అందులోనూ గొలుసుకట్టు చేతిరాతను, చదవగలిగే యువకులు అరుదైపోతున్నారు. అంటే సాక్షులు పోతున్నారు, సాక్ష్యాన్ని చదివేవాళ్లూ పోతున్నారు. సరిగ్గా ఈ సమయంలోనే ప్రభుత్వాల గొంతు పెరుగుతోంది. ఇంకో పదేళ్లకు వేదిక మీద చెప్పిందే తప్ప పోల్చి చూసుకోవడానికి ఇంకేమీ మిగలకపోవచ్చు. అప్పుడు బైరాన్‌పల్లి ఒక మతం మీద విసిరే రాయి అవుతుంది, మెదక్ లెక్క ఇంకో మతం మీద విసిరే రాయి అవుతుంది. 2020 ఆగస్టులో పాకిస్తాన్ జునాగఢ్‌ను కూడా తనదిగా చూపుతూ కొత్త పటం విడుదల చేసింది. 1947 నాటి తగవుల్లో ఏదీ పొరుగు ప్రభుత్వాల దృష్టిలో పాతబడలేదనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

పాత పుండు రేపడం ఎందుకన్న మాటలో మంచి మనసు ఉందని నాకు తెలుసు. కానీ అనుభవం దానికి ఎదురుగా ఉంది. జర్మనీ, పోలండ్‌ల మధ్య ఉన్నంత నెత్తురు ప్రపంచంలో అరుదు. ఆ రెండు దేశాల చరిత్రకారులు 1972లోనే, ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగానే, పాఠ్యపుస్తకాల మీద ఉమ్మడి సంఘం పెట్టుకున్నారు. ఒకరి పుస్తకాల్లోని తప్పులు ఒకరు ఎత్తిచూపుకున్నారు. చివరికి ఇద్దరి పిల్లలూ చదవడానికి ఒకే చరిత్ర పుస్తకం తయారుచేశారు. యుద్ధపరిహారం మీద ఆ రెండు ప్రభుత్వాలు ఇప్పటికీ గొడవ పడుతూనే ఉన్నాయి. అయినా ఎవరు ఎవరిని చంపారన్నది మాత్రం అక్కడి బళ్లలో తగాదా కాదు. ప్రభుత్వాల గొడవను పిల్లల దాకా పోనివ్వకుండా ఆపింది బయటపెట్టిన కాగితమే.

మనకు కొత్త చట్టం కూడా అక్కరలేదు. 1993 ప్రభుత్వ రికార్డుల చట్టం, 1997 నిబంధనలు 25 ఏళ్లు దాటిన రికార్డులను జాతీయ పురాభిలేఖాగారానికి అప్పగించే పద్ధతిని నిర్దేశించాయి. 2021 జూన్‌లో రక్షణ శాఖ కూడా యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్లలో బహిర్గతం చేయాలని విధానం ప్రకటించింది. 1948కి 25 ఏళ్లు కలిపితే 1973. ఆ గడువు దాటి అర్ధశతాబ్దం అయింది.

కాబట్టి రాష్ట్ర ప్రభుత్వాన్నీ, కేంద్రాన్నీ నేను అడిగేవి నాలుగు పనులు. సుందర్‌లాల్ నివేదికను దాని అనుబంధాలతో సహా తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి ప్రతి జిల్లా గ్రంథాలయానికి పంపాలి. 1946 నుంచి 1951 దాకా చనిపోయినవాళ్ల జాబితాను ఊరివారీగా తయారుచేయాలి. ఎవరి చేతిలో పోయారన్నది ఒక గడిలో రాయండి, కానీ ఎవరినీ జాబితాలోంచి తీసేయకండి. తార్నాకలోని దస్తావేజులు చదవడానికి ఉర్దూ, పారశీక లిపి నేర్చిన పాతికమంది యువతీయువకులకు జీతం ఇచ్చి కూర్చోబెట్టాలి. బతికున్న పెద్దల మాటలను, ఏ మతంవాళ్లవైనా, ఏ పార్టీవాళ్లవైనా, ఈ ఏడాదే రికార్డు చేయాలి. మిగతా మూడూ రేపు చేసినా ఫరవాలేదు, ఈ నాలుగోది రేపటికి ఆగదు.

సెప్టెంబరు 17ను ఏ పేరుతో జరుపుకోవాలన్నది ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వాల ఇష్టం. మృతుల్లో ఎవరిని లెక్కలోకి తీసుకోవాలన్నది మాత్రం ఏ ప్రభుత్వం ఇష్టానికీ వదలకూడదు. మన ఊళ్ల లెక్క మనమే పూర్తిగా రాసి అందరి ముందు పెడితే, దాన్ని మన మీద ఎక్కుపెట్టడానికి ఇస్లామాబాద్‌కూ ఏమీ మిగలదు, ఎన్నికల నెలలో మన ఇరుగుపొరుగు మీద ఎక్కుపెట్టడానికి హైదరాబాద్‌కూ, ఢిల్లీకీ ఏమీ మిగలదు.